రెండు వైపులా జిరాక్స్

కారు దిగీ దిగగానే తాతారావు, గేటు దగ్గర సలాం కొట్టిన సోంబరు చెంప పగలగొట్టాడు. ఎందుకు కొట్టాడో ఆ నిమిషానికి అతనికే తెలియదు. ఎవరో ఒకరిని కొట్టాలని గాజువాక నుంచి పళ్ళు నూరుకుంటూ ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చాడు. మొదట అందిన చెంప సోంబరుది. దెబ్బకి వాచ్‌మన్ టోపీ ఎగిరి బంతిమొక్కల్లో పడింది. సోంబరు వంగి టోపీ తీసి, మట్టి దులిపి, మళ్ళీ నెత్తిన పెట్టుకుని, "లోపలికి రండి బావూ" అన్నాడు. ఎనిమిదేళ్ళుగా అరకులోయలో ఆ రిసార్టు గేటు కాస్తున్నవాడికి వేరే మాట అలవాటు లేదు.

రిసెప్షన్ అద్దంలోంచి హేమలత ఇదంతా చూసింది. సోంబరు ఆమెకి మేనమామ. తండ్రి పోయాక, ఉన్న ఎకరం కాఫీ తోట మీద వచ్చిందంతా పెట్టి ఆమెని బీకాం దాకా చదివించినవాడు. ఈ రిసార్టులో కౌంటరు ఉద్యోగం కూడా యజమాని కాళ్ళా వేళ్ళా పడి అతను ఇప్పించిందే. అటువంటి మామని కళ్ళ ముందు కొడితే ఆ పిల్ల ఏం చేసింది? కుర్చీలోంచి లేచి, చున్నీ సర్దుకుని, "గుడ్ మార్నింగ్ సార్" అంది. అదే ఆమెకి ఇప్పించిన ట్రైనింగు.

తాతారావు వెనక ముగ్గురు మనుషులు వచ్చారు. ముగ్గురూ జిమ్ములో పెంచిన భుజాలవాళ్ళు. అందులో తరుణ్ అనేవాడు దారిలో కొన్న వేరుశనక్కాయల పొట్లం పట్టుకుని, ఒక్కో కాయ ఒలుచుకు తింటూ, తొక్కలు నేల మీద ఊస్తున్నాడు. తాతారావు జేబులోంచి క్రెడిట్ కార్డు తీసి కౌంటరు మీద చరిచాడు.

"గుర్తుందా గుంటా? రెండు నెలల కిందట ఇక్కడ దిగేను. నా కార్డు నువ్వే పట్టుకెళ్ళి జిరాక్స్ తీసేవు."

"తీశాను సార్."

"ఎనకా ముందూ తీసేవు."

హేమలత తల ఊపింది.

"మొన్న మా అమ్మకి గుండె నొప్పొచ్చింది. ఆస్పత్రి కౌంటర్లో ఈ కార్డు గీకితే లిమిట్ అయిపోయిందన్నారు. ముందు రోజే ఎవుడో ఫారిన్ ఎబ్‌సైట్లో మొత్తం వాడేసినాడు. ఓటీపీ లేదు, ఏటీ లేదు. నంబరూ, ఎనకాలున్న మూడంకెలూ ఉంటే సాలంట వాళ్ళకి. మా అమ్మని స్ట్రెచర్ మీద ఒగ్గేసి గంటన్నర ఫోన్లు సేసేను." అతను చటుక్కున మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. అది ఆమెకి కనపడినందుకు ఇంకా మండిపోయాడు. "నాను బతికిన నలభై ఏళ్ళలో ఈ కార్డెనక జిరాక్స్ తీసింది ఈ ఒక్క సోటే. ఆ కాయితం ఏదీ?"

ఆ కాగితం ఏమైందో హేమలతకి తెలుసు.

అసలు సంగతి ఇదీ. రిసార్టు యజమాని రమణమూర్తిది కొండ కింద ఎస్.కోట. పైకి వచ్చి ఎనిమిది కాటేజీలు కట్టాడు. గిరిజనులు కానివాళ్ళు కొనకూడని ఆ భూమి ఎవరి పేరు మీద ఉందో ఎవరూ అడగరు, అడిగితే అతను కాఫీ పోయించి మాట మారుస్తాడు. ఒకసారి ఎవరో గెస్టు బాత్రూం అద్దం పగలగొట్టి, డబ్బులు కట్టకుండా జారుకున్నాడు. ఆ రోజు నుంచి రమణమూర్తికి జిరాక్స్ పిచ్చి పట్టుకుంది. వచ్చిన ప్రతివాడి ఆధారూ, కార్డూ జిరాక్స్ తీయాల్సిందే. "రెండు వైపులా తియ్యి గుంటా. రేపేదైనా అయితే మన సేతిలో ఉండాలి" అనేవాడు. హేమలత రెండు వైపులా తీసి, పై మూల ఆకుపచ్చ పెన్నుతో రూమ్ నంబరు వేసి, అట్టపెట్టెలో పడేసేది. అట్టపెట్టెకి తాళం మాట దేవుడెరుగు, మూత కూడా లేదు.

కార్డు మెషీను ఇచ్చిన బ్యాంకు ఏడాదికోసారి ఒక ప్రశ్నల పత్రం పంపుతుంది. కస్టమర్ల కార్డులు ముట్టుకునే ప్రతి వ్యాపారీ పాటించాల్సిన భద్రతా నియమాలు అందులో ఉంటాయి. కార్డు వెనకాల మూడంకెలు మీ దగ్గర ఎక్కడైనా దాచుకుంటున్నారా? కార్డు వివరాలున్న కాగితాలను తాళం వేసి ఉంచుతున్నారా? అక్కర తీరాక మళ్ళీ అతికించడానికి వీల్లేనంత సన్నగా కత్తిరించి పారేస్తున్నారా? రమణమూర్తి ఆ ప్రింటు మొదటి పేజీ కూడా తిప్పలేదు. "అన్నిటికీ మంచి జవాబులు పెట్టీసి బేగి పంపీ, నేకపోతే మెషీను పీకేత్తారు" అన్నాడు. హేమలత నాలుగో ప్రశ్న దాకా చదివింది. ఆ తరవాత చదవకుండానే టిక్కులు పెట్టుకుంటూ పోయి, చివర 'పైవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అన్న గీత మీద సంతకం చేసింది. సంతకం బాగా కుదిరిందని కూడా అనుకుంది.

సన్నగా కత్తిరించే యంత్రం రిసార్టులో లేదు. ఉన్నా ఆమె వాడేది కాదేమో. కొండల్లో కాగితాన్ని ఎవరూ చింపి పారెయ్యరు. ఒక వైపు తెల్లగా ఉన్న దళసరి కాగితాన్ని ముక్కలు చేయడమంటే అన్నం నేలపాలు చేసినట్టే. అందుకని ప్రతి నెలాఖరుకీ పెట్టె నిండగానే హేమలత ఆ కట్ట సోంబరుకి ఇచ్చేది. సోంబరు భార్య చిట్టెమ్మ ఆ కాగితాలతో పొట్లాలు చుట్టి, సంతలోనూ ఘాట్ రోడ్డు మలుపులోనూ వేపిన వేరుశనక్కాయలు అమ్మేది. పొట్లం కాగితం కొనే పని తప్పిందని మురిసిపోయేది. అత్తకి ఆసరాగా ఉన్నానని హేమలతకీ గొప్పగానే ఉండేది.

కేకలు విని రమణమూర్తి లోపలి గదిలోంచి లుంగీ బిగించుకుంటూ వచ్చాడు. తాతారావు చెప్పిందంతా విన్నాడు. అతని మొహం పాలిపోవడం, మరు నిమిషంలోనే మళ్ళీ రంగు ఎక్కడం హేమలత చూసింది. ఎవరి మీదికి తొయ్యాలో తోచినవాడి మొహం అలాగే ఉంటుంది.

"నా దగ్గర అన్నీ రూల్ ప్రకారం జరుగుతాయి బాబూ" అంటూ డ్రాయరు లాగి, ఆ బ్యాంకు పత్రం కాపీ తీసి కౌంటరు మీద పరిచాడు. "ఇదిగో, కాయితాలన్నీ సన్నగా కత్తిరిత్తన్నామని మా మేనేజరమ్మే రాసి సంతకం పెట్టింది. మా ఆఫీసు దాటి కాయితం బయటికి పోయిందంటే ఎవుడో ఎత్తుకుపోవాలి." ఫోన్లో సీసీ కెమెరా వీడియో వెతికి, తిప్పి తిప్పి, ఒకచోట ఆపాడు. ఆఫీసు వెనక తలుపులోంచి భుజం మీద కాగితాల కట్టతో సోంబరు బయటికి వెళ్తున్నాడు. "సూడండి. ఇంట్లో కుక్కని పెంచినట్టు పెంచితే ఇదీ ఆడు సేసిన పని."

ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా మేనేజరు అని పిలవనివాడు ఇవాళ మేనేజరమ్మ అన్నాడు. హేమలత నోరు తెరవబోయింది. రమణమూర్తి ఆమె వైపు వంగి, నవ్వు మొహంతోనే, పళ్ళ మధ్యనుంచి అన్నాడు: "సంతకం నీది గుంటా. నువ్వే ఇచ్చేనంటే, అబద్ధం రాసినందుకు జైలుకెళ్ళేది నువ్వు. నాను కాదు."

ఆమె నోరు మూసుకుంది. దీనికి సాకులు వెతకొద్దు. భయపడింది, మూసుకుంది.

సోంబరును గేటు దగ్గర నుంచి జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చారు. వరండా మెట్ల మీద బోర్లా పడేసి తన్నారు. ఒకడు డొక్కలో, ఒకడు నడుం మీద, వంతులేసుకున్నట్టు తన్నారు. సోంబరు అరవలేదు. ప్రతి తన్నుకీ లోపలి గాలి మాత్రం హుఁ హుఁ అని బయటికొచ్చింది. పెదవి చిట్లి మెట్టు మీద నెత్తురు పడింది. మూడో నంబరు కాటేజీ కిటికీ తెర కదిలి మళ్ళీ మూసుకుంది. వెంటనే కౌంటరు మీద ఫోను మోగింది.

"పూరీలు ఇంకా రాలేదమ్మా" అంది అవతలి గొంతు.

"పది నిమిషాలు సార్" అంది హేమలత. ఆ మాట అన్నందుకు ఆమె తనని తాను ఈ జన్మలో క్షమించుకోదు.

"కార్డులు ఎవుడికి అమ్మినావురా?" తాతారావు సోంబరు మెడ మీద బూటు పెట్టి అడిగాడు.

"కార్డులేటి బావూ, నాకు తెలీదు."

"కాయితాలు ఎత్తుకెళ్ళినావా నేదా?"

"అట్టుకెళ్ళినాను. దొంగతనం సేయనేదు."

"మరి ఎవులిచ్చేరు?"

సోంబరు తల కొంచెం తిప్పాడు. బూటు కింద నుంచి ఒక కన్ను హేమలతని చూసింది. ఆ చూపులో అడగడం లేదు, నిందా లేదు. కాసేపు చూసి, మళ్ళీ మెట్టు వైపు తిరిగిపోయింది. "దొంగతనం మాత్రం సేయనేదు" అన్నాడు అంతే. తన పేరు ఎందుకు చెప్పలేదో ఆమెకి అర్థమయింది. ఎకరం కాఫీ తోట చదివించిన చదువు జైలుపాలు కాకూడదు.

రమణమూర్తికి ఇంకో ఆలోచన వచ్చింది. పోలీసులూ బ్యాంకూ వచ్చేలోగా చేతిలో కాగితం ఉండాలి. జిరాక్స్ పిచ్చివాడికి అన్నిటికీ మందు కాగితమే. "రాయి గుంటా" అన్నాడు. "నేను ఫలానా సోంబరు, ఆఫీసులోంచి కార్డుల కాగితాలు దొంగిలించి అమ్ముకున్నాను, యజమానికి ఏ సంబంధమూ లేదు. అలా రాసి స్టాంపు ప్యాడ్ పట్రా."

ఆమె రాసింది. గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా రాసింది. ప్యాడ్ కూడా తెచ్చింది. ఇది ఆమె చేతి మీదుగా జరిగిన రెండో అబద్ధపు కాగితం.

ఇద్దరు సోంబరు వీపు మీద కూచుని ఎడమ చెయ్యి ముందుకి లాగారు. సోంబరు కష్టంగా గడ్డం ఎత్తాడు.

"ఏటి రాసినావు గుంటా? సదువు."

హేమలత కాగితం వెనక్కి దాచుకుంది.

"సదవమంతన్నాడు కదా, సదువు" అన్నాడు తాతారావు.

చదివింది. దొంగిలించి అన్న మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. సోంబరు చివరిదాకా విన్నాడు. విని, ఎడమ చేతి బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్ళూ దాని మీద బిగించేశాడు.

"నాను ఎయ్యను" అన్నాడు.

వాళ్ళ ఊళ్ళో ఇళ్ళకి తాళాలుండవు. చోళ్ళూ ధాన్యమూ గంపల్లో అలాగే ఉంటాయి, డబ్బులు చూరులో ఉంటాయి. ఒకసారి దొంగ అన్న మాట పడినవాడు సంతలో నడిచినా, పండక్కి డప్పు దగ్గర నిలబడినా, జనం పక్కకి జరుగుతారు. అతని పిల్లల్ని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. తన్నులైతే నాలుగు రోజుల్లో తగ్గుతాయి. ఈ లెక్క పట్నం వాళ్ళకి తెలియదు. ముసలాడు మొండికేశాడనే అనుకున్నారు.

పిడికిలి విప్పడానికి ముందు ఇద్దరు లాగారు. రాలేదు. పార పట్టిన చెయ్యి, రాళ్ళు మోసిన చెయ్యి. తాతారావు కారులోంచి వీల్ స్పానర్ తెప్పించాడు. చిటికెన వేలి కిందికి దాని కొస దూర్చి, పైకి లేపాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడయింది. సోంబరు అప్పుడు అరిచాడు. తెలుగులో కాదు, ఇంట్లో మాట్లాడుకునే అడివి ఒరియాలో, చచ్చిపోయిన తల్లిని పిలిచాడు. హేమలత వరండా గుమ్మం పట్టుకుని నిలబడింది. వేలు పక్కకి వేలాడుతోంది. మిగతా మూడూ బొటనవేలిని అలాగే పట్టుకుని ఉన్నాయి.

"ఒగ్గీరా ముసలోడా, ఒక్క ముద్రే కదా" అన్నాడు రమణమూర్తి, బతిమాలుతున్నట్టు.

"ఎయ్యను."

ఉంగరం వేలు కూడా విరిగింది. ఈసారి సోంబరు వాంతి చేసుకున్నాడు. మెట్టు మీద వాంతీ నెత్తురూ కలిసి కారాయి. వీపు మీద కూచున్నవాడు చీదరించుకుని ప్యాంటు పైకి లాక్కున్నాడు. తాతారావు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. ఆపే దారి అతనికీ తెలియడం లేదు. స్పానర్ కొస నడిమి వేలి కిందికి జరిగింది.

సరిగ్గా అప్పుడే తరుణ్ చివరి కాయ నోట్లో వేసుకుని, పొట్లం విప్పి దులిపి, నలిపి వరండాలోకి విసిరాడు. అది దొర్లుకుంటూ వచ్చి హేమలత చెప్పుల దగ్గర ఆగింది. నలిగిన కాగితం మూల ఆకుపచ్చ సిరా కనిపించింది. 'రూమ్ 6.' ఆమె చేతిరాత.

తరవాత ఆమె ఎంత ఆలోచించినా ధైర్యం అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియలేదు. ధైర్యం కాకపోవచ్చు, సిగ్గే అయి ఉంటుంది. ఇద్దరు మనుషులెక్కి కూచున్న వేలిముద్రరాయుడు ఒక్క అబద్ధం మీద బొటనవేలు వెయ్యకుండా ఉండడానికి ఇన్ని వేళ్ళు ఇస్తున్నాడు. ఫ్యాను కింద కూచుని తను ఇరవై రెండు అబద్ధాలకి టిక్కులు పెట్టింది.

"అతన్ని వదలండి" అంది. ఎవరూ వినలేదు. ఆమె కాగితం తీసుకుని మెట్లు దిగి, స్పానర్‌కీ మామ చేతికీ మధ్య మోకాళ్ళ మీద కూచుంది. "కాగితాలు నేనే ఇచ్చాను. ప్రతి నెలా నేనే కట్టకట్టి ఇచ్చాను. ఇదిగో, మీవాడు ఇప్పుడు తిన్న పొట్లం. చూడండి."

తాతారావు కాగితం చదును చేశాడు. నూనె మరకల మధ్య ఒక కార్డు ముందు వైపూ వెనక వైపూ నల్లగా, శుభ్రంగా పడి ఉన్నాయి. ఎవరో ఆవిడ పేరు. పదహారంకెలు. గడువు తేదీ. వెనకాల మూడంకెలు.

"ఇదెక్కడ కొన్నావురా?"

"ఘాట్లో అన్నా, మలుపు కాడ ముసల్ది అమ్ముతంది" అన్నాడు తరుణ్. "కారులో ఇంకో రెండున్నాయి."

ఆ రెండూ తెప్పించి విప్పాడు. కాయలు నేల మీద రాలాయి. రూమ్ 2. రూమ్ 8. అన్నీ రెండు వైపులా. ఆ రోడ్డున పోయే ఏ కారువాడైనా, ఏ బస్సువాడైనా పది రూపాయలిచ్చి కాయలతో పాటు ఒకరి కార్డు జేబులో వేసుకుపోవచ్చు. నెలల తరబడి అదే జరిగింది. తన కార్డు ఎవడి చేతికి పోయిందో ఇంక దేవుడు కూడా చెప్పలేడు.

"దొంగసొత్తులో ఎవడైనా కాయలు కట్టి అమ్ముతాడా సార్?" అంది హేమలత. "వాళ్ళకి అవేమిటో తెలియదు. నాకు తెలిసి ఉండాలి."

తాతారావు ఆమెని కొట్టాడు. అరచేత్తోనే, కాని ఆమె రెండు మెట్లు కిందికి దొర్లింది. ఎడమ చెవిలో చాలాసేపు ఈల మోగింది, నోట్లో ఒక పన్ను కదిలింది. ఆ దెబ్బ తనకి రావలసిందేనని ఆమెకి అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. లేచేసరికి తాతారావు రమణమూర్తి వైపు నడుస్తున్నాడు.

"ఎనక వైపు జిరాక్స్ తియ్యమని ఎవుడు సెప్పేడు నీకు?"

"సెక్యూరిటీ కోసం బాబూ. మా సెక్యూరిటీ..."

తాతారావు కౌంటరు మీద కార్డు మెషీను అందుకుని దాంతో నోటి మీద కొట్టాడు. మెషీను పగిలి కాగితపు చుట్ట బయటికొచ్చి రిబ్బనులా విప్పుకుంది. రెండోసారి కొట్టాడు. రమణమూర్తి ముందు పళ్ళు రెండు లుంగీలో పడ్డాయి. మూడోసారికి మెషీను ముక్కలే మిగిలాయి. "జిరాక్స్ కదా నీకు కావలసింది" అంటూ మెడ పట్టి ఈడ్చుకెళ్ళి, అతని కుడి చెయ్యి జిరాక్స్ మెషీను అద్దం మీద పెట్టి, పైమూత బలమంతా వేసి కొట్టాడు. అద్దం పగిలింది. చెయ్యి తిప్పించి మళ్ళీ కొట్టాడు, ఈసారి రెండో వైపు. రమణమూర్తి కేక లోయ అంతా వినపడింది.

హేమలత చూస్తూ నిలబడింది. నిజం చెప్పాలంటే మొదటి దెబ్బకి ఆమెకి హాయిగానే అనిపించింది. రెండో దెబ్బకి కూడా. అద్దం మీద పరుచుకున్న నెత్తురు చూశాక మాత్రం ఇంక చూడలేకపోయింది. ఆమె వెనక్కి తిరిగి మామని లేపి కూచోబెట్టి, తన చున్నీ చింపి ఆ చేతికి చుట్టింది. సోంబరు పిడికిలి ఇంకా విప్పలేదు.

మధ్యాహ్నానికి అతన్ని ఊళ్ళోని ఆస్పత్రిలో చేర్చారు. రెండు వేళ్ళకీ కట్టు వేసి, డొక్కలో ఒక ఎముక బీట వారిందన్నారు. చిట్టెమ్మ మంచం పక్కన నేల మీద కూచుని తల బాదుకుంటోంది. "నా పొట్లాలే నీ సెయ్యి ఇరిసినాయి" అని అదే మాట అంటోంది. సాయంత్రం ఆస్పత్రి కబురుతో హెడ్ కానిస్టేబుల్ పావని వచ్చి, వాంగ్మూలం రాయడానికి కాగితాలు తీసింది. అంతలో ఆస్పత్రి ముందు కారు ఆగింది. అందులోంచి తాతారావు దిగాడు. వెనక సీటులోంచి, కుడి చేతికి తెల్ల కట్టుతో, మూతి బూరెలా వాచిపోయిన రమణమూర్తి కూడా దిగాడు. ఇద్దరూ ఒకే కారులో వచ్చారు. పొద్దున పళ్ళు రాలగొట్టినవాడూ, రాలగొట్టించుకున్నవాడూ సాయంత్రానికి సంధి చేసేసుకున్నారు. గిరిజనుడి మీద చెయ్యి చేసుకున్న కేసు ఎంత దూరం పోతుందో ఎవరో వకీలు ఇద్దరికీ ఫోన్లో చెప్పి ఉంటాడు.

"అయిందేదో అయిపోయిందమ్మా" అన్నాడు తాతారావు. గొంతు మెత్తబడింది. "ఇతని వైద్యం అంతా నాది. ఈ కాయితం మీద నువ్వు సాక్షి సంతకం పెట్టీ, అతను ముద్ర ఏసీ. గొడవ ఉండదు."

"నీ ఉజ్జోగం ఎక్కడికీ పోదు" అన్నాడు రమణమూర్తి, పళ్ళు లేని చోటునుంచి గాలి పోతుంటే. "ఆ బ్యాంకు కాయితం సంగతి కూడా ఎవులికీ సెప్పను."

హేమలత కాగితం తీసుకుంది. ఈసారి మొదటి అక్షరం నుంచి చదివింది. గేటు మూస్తుండగా చెయ్యి ఇరుక్కుని వేళ్ళు విరిగినవి. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఆరో లైనులో, చిన్నగా, ఇంకో మాట ఉంది: ఆఫీసు కాగితాలు అనుమతి లేకుండా తీసుకుపోయినందుకు సోంబరు క్షమాపణ చెప్పుకున్నాడు.

నాలుగో లైనుతో ఆపి ఉంటే ఆ మాట కనపడేదే కాదు.

ఆమె ఆ కాగితం చింపలేదు. మడిచి పావని చేతికిచ్చింది. "ఇది కూడా కేసులో పెట్టండి మేడం. నాకు రెండు తెల్ల కాగితాలు ఇవ్వండి" అంది. రమణమూర్తి ఏదో అనబోతే పావని అతన్నీ తాతారావునీ బయట బెంచీ మీద కూచోమంది.

హేమలత మంచం అంచున కూచుని రాసింది. కార్డు రెండు వైపులా తియ్యమన్నది ఎవరో రాసింది. తాళం లేదని, కత్తిరించే యంత్రం లేదని, అన్నీ ఉన్నాయని బ్యాంకుకి అబద్ధం రాసి సంతకం పెట్టింది తనేనని రాసింది. ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు, ఏ వేలు ముందు విరిగింది, అప్పుడు తను ఎక్కడ నిలబడి ఉంది, ఫోన్లో ఏమంది, అదీ రాసింది. చెవిలో ఈల ఇంకా మోగుతూనే ఉంది.

రాయడం అయ్యాక మామ వైపు చూసింది.

"సదువు" అన్నాడు సోంబరు. "మొత్తం."

మొత్తం చదివింది. 'కాగితాలు నేనే నా చేత్తో ఇచ్చాను' అన్నచోట అతను చెయ్యి ఎత్తాడు.

"అది తీసీ గుంటా. నిన్ను జైల్లో ఎడతారు."

"తియ్యను మామా."

"నాను సెప్పినాను కదా, తీసీ."

"అది తీస్తే మిగతాదంతా అబద్ధం అయిపోద్ది. నువ్వు వెయ్యవు దాని మీద."

సోంబరు ఆమె మొహం వైపు చూశాడు. వాచిన చెంపనీ, నెత్తుటి చారనీ, చిన్నప్పుడు తను భుజాన ఎక్కించుకు తిప్పిన ఆ పిల్లనీ చూశాడు. "మిగతాది సదువు" అన్నాడు. ఆమె చివరిదాకా చదివింది. సోంబరు దొంగ కాడు అన్నది ఆఖరి వాక్యం.

పావని ప్యాడ్ తెరిచి మంచం మీద పెట్టింది. కట్టు కట్టిన చెయ్యి చూసి, "నొప్పిగా ఉంటే కుడి చేతిది వెయ్యి తాతా, పర్వాలేదు" అంది.

"ఎడమదే ఏత్తాను" అన్నాడు సోంబరు. విరిగిన రెండు వేళ్ళూ కట్టులో ఉన్నాయి. వాటి పక్కన బొటనవేలు గీత కూడా పడకుండా ఉంది. ఎవరూ పట్టుకోకుండా, ఎవరూ లాగకుండా, దాన్ని సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా నొక్కాడు.